స్తోత్రం – ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. డి.ఆర్. బకాయిల మీదనో, హెల్త్ కార్డుల మీదనో రాస్తానని వారు అనుకొని ఉంటారు. వాటి మీద నాకన్నా బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను చాలా ఏళ్ళుగా మనసులో పెట్టుకొని తిరుగుతున్న ఒక చిన్న మాట గురించి రాయదలచుకొన్నాను. ఆ మాట ‘స్తోత్రం’. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల్లో ఉద్యోగం చేసినవాళ్ళెవరూ ఈ మాట వినకుండా రిటైరై ఉండరు. క్యాంపుకు పల్లెకు వెళ్ళి చెట్టు కింద కుర్చీ వేయించుకొని కూర్చుంటే, ఒకరికొకరు ఎదురైన ముసలివాళ్ళు ‘సోత్రమమ్మా’, ‘సోత్రమయ్యా’ అనుకొంటూ పోవడం మనమంతా విన్నదే. విన్నామే గాని అదేం మాటో, ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించినవాళ్ళం తక్కువ. నేనూ ఆలోచించలేదు, 1978 వరకు.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడికి దగ్గరి వీధి. తెల్లవారకముందే మా నాయన బావి దగ్గర స్నానం చేసి, తడిబట్టతోనే విష్ణు సహస్రనామ స్తోత్రం మొదలుపెట్టేవారు. మేము పడకల మీద ఉండగానే అది చెవిన పడేది. నాకు స్తోత్రమంటే అదే. సంస్కృతంలో ఉండేది, మడితో చదివేది, తప్పు పలికితే మా నాయన మళ్ళీ మొదటినుంచి చెప్పించేది. అది ఒకరికొకరు చెప్పుకొనే పలకరింపు మాట కాగలదని చిన్నప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

1978 వేసవి చివర. నేనప్పుడు ఈ పడమటి తాలూకాల్లోని ఒక కచేరిలో ఎల్.డి.సి.ని. ఏ కచేరి, ఎవరు అధికారి అన్నది అనవసరం. పదో తరగతి ఫలితాలు వచ్చి సర్టిఫికెట్ల కోసం వరండా నిండా జనం. ఒక ముసలమ్మ మనవణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. పిల్లవాడికి కాలేజీలో సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్పు అన్నీ కులధ్రువీకరణ పత్రం మీద ఆధారపడి ఉన్నాయి. కరణం రిపోర్టులో మాదిగ అని స్పష్టంగా ఉంది. కాగితం దాదాపు సిద్ధమైంది. అప్పుడే అధికారి తన గదిలోంచి బయటికి వచ్చారు. ముసలమ్మ గౌరవంగా రెండు చేతులూ ఎత్తి ‘సోత్రం నాయనా’ అంది.

ఆయన ఆగారు. ‘మీరు కిరస్తానమా?’ అని అడిగారు.

‘అవు నాయనా. మా జేజి గుండ్లకమ్మలో మునిగిన కాడ్నుంచి’ అంది ఆమె. దాచాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

ఆయన నన్ను పిలిచి నోటు పెట్టమన్నారు. పెట్టాను. అభ్యర్థి కుటుంబం క్రైస్తవ మతాన్ని అవలంబిస్తున్నట్లు వారి సంభాషణ వల్లనే తెలియవచ్చినందున షెడ్యూల్డు కులపు పత్రం ఇవ్వడానికి వీలులేదనీ, బి.సి. ‘సి’ గ్రూపు కింద ఇవ్వవచ్చుననీ రాశాను. ‘సంభాషణ వల్లనే’ అన్న ముక్క నా సొంతం. అప్పట్లో అది మంచి డ్రాఫ్టింగ్ అనుకొన్నాను. అదే రోజు మధ్యాహ్నం అదే పల్లె నుంచి, అదే ఇంటిపేరుతో మరో పిల్లవాడు వచ్చాడు. వాళ్ళ తాత ‘దండం సామీ’ అన్నాడు. వాళ్ళకు ఎస్.సి. పత్రం పోయింది. ఆ తాత కూడా ఆదివారం ప్రార్థనకు పోతాడని కచేరిలో సగం మందికి తెలుసు. రూలు ప్రకారం రెండు కాగితాల్లోనూ తప్పు పట్టడానికి ఏమీ లేదు.

సాయంత్రం ముసలమ్మకు పత్రం ఇచ్చి, మీరు అడిగింది వేరు, ఇచ్చింది వేరు అని విడమరిచి చెప్పాను. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకొని, నా వైపు చూసి మళ్ళీ ‘సోత్రం నాయనా’ అని వెళ్ళిపోయింది. అడిగింది రానప్పుడు ఈ మాట ఎందుకన్నదో నాకు అర్థం కాలేదు. పోనుపోను ఆ సందేహమే నన్ను పుస్తకాల వైపు తోసింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం తీరిక తక్కువ. 2008లో రిటైరైన తర్వాత గ్రంథాలయాల్లో కూర్చొని, పాత మిషన్ చరిత్రలు, నిఘంటువులు తిరగేసి తెలుసుకొన్నది కింద రాస్తున్నాను.

స్తోత్రం అనే పదానికి మూలం ‘స్తు’ ధాతువు. పొగడడమని అర్థం. ఇప్పుడు మనకు స్తోత్రమంటే పూజలో చదువుకొనే శ్లోకాల కట్ట. తొలిరోజుల్లో అది యజ్ఞశాలలో వాడే పారిభాషిక పదం. సోమయాగంలో సామవేదులైన ఉద్గాత, ప్రస్తోత, ప్రతిహర్త ముగ్గురూ కలిసి గానం చేసేదాన్ని స్తోత్రమన్నారు. దాని వెంటనే ఋగ్వేది అయిన హోత పఠించేది శస్త్రం. ఇది ఆయుధం కాదు, పఠించడమనే అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చిన మాట. అగ్నిష్టోమంలో పన్నెండు స్తోత్రాలు, పన్నెండు శస్త్రాలు. అగ్నిష్టోమం అన్న పేరులోని ‘స్తోమం’ కూడా ఈ కుటుంబపు మాటే. అంటే స్తోత్రమనేది మొదట పాట. అందరూ పాడే పాట కాదు, ముగ్గురు మాత్రమే పాడే పాట.

ఆ పాట వినే అర్హత ఎవరికి లేదో కూడా శాస్త్రాలు రాసిపెట్టాయి. గౌతమ ధర్మసూత్రం శూద్రుడి చెవిన వేదం పడితే ఏం శిక్ష వేయాలో చెప్పింది. దాన్ని ఇక్కడ మళ్ళీ రాయను, తెలిసినవారికి తెలుసు. శూద్రుడికే అది, ఊరి బయట ఉన్న పల్లె మాట ఇక చెప్పేదేముంది?

తర్వాతి కాలంలో స్తోత్రం యజ్ఞశాల దాటి బయటికి వచ్చింది. భారతంలో భీష్ముడు అంపశయ్య మీద ధర్మరాజుకు చెప్పిన సహస్రనామాల్లో నేను ఎన్నో వందలసార్లు విని కూడా గమనించనిది ఒకటుంది. ఆ వెయ్యి పేర్లలో ఒకేచోట వరసగా స్తవ్యుడు, స్తవప్రియుడు, స్తోత్రం, స్తుతి, స్తోత అనే నామాలు వస్తాయి. పొగడదగినవాడూ ఆయనే, పొగడ్తను మెచ్చేవాడూ ఆయనే, పొగడ్తా ఆయనే, పొగిడేవాడూ ఆయనేనట. మా నాయన రోజూ చదివినదాంట్లోనే ఇది ఉంది. స్తోత్రం అన్నది విష్ణువుకు పేరైతే, ఆ ముసలమ్మ వరండాలో పలికింది మా ఇంటి దేవుడి పేరే అన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు.

ఇక రెండో వైపు చూద్దాం. క్రైస్తవులు ప్రపంచమంతా స్తుతికి వాడే మాట హల్లెలూయ. ఇది హెబ్రీ మాట. ‘హల్లెలూ’ అంటే మీరు స్తుతించండి అని పదిమందికి చెప్పడం. చివరి ‘యాహ్’ యెహోవా పేరుకు పొట్టి రూపం. యూదుల హెబ్రీ గ్రంథంలో ఈ మాట కీర్తనల్లోనే వస్తుంది, మొత్తం ఇరవై నాలుగుసార్లు. క్రొత్త నిబంధనలో ప్రకటన గ్రంథం పందొమ్మిదో అధ్యాయంలో మాత్రమే, నాలుగుసార్లు. యూదులు పస్కా పండుగనాడు పాడే 113 నుంచి 118 దాకా ఉన్న కీర్తనలకు ‘హల్లెల్’ అనే పేరు. విచిత్రమేమిటంటే, ఈ మాట ఏ దేశం పోయినా దాదాపు అలాగే పోయింది. గ్రీకులోకి మార్చిన పండితులు అర్థం రాయకుండా శబ్దాన్నే రాసుకొన్నారు. లాటిన్‌వారూ అంతే. 1742లో డబ్లిన్ నగరంలో హాండెల్ సంగీతరూపకం మొదటిసారి వినిపించినప్పుడు అక్కడి జనం విన్నదీ ఆ హెబ్రీ శబ్దమే. మన కంభం ముస్లిం సోదరులు ‘అల్‌హమ్దులిల్లా’ను అరబ్బీలోనే ఉంచుకొన్నట్టే ఇదీను. కొన్ని మాటలను తర్జుమా చేయడానికి మనుషులకు చెయ్యాడదు.

తెలుగులో మాత్రం చెయ్యాడింది. మన పాత తెలుగు బైబిలు తీసి చూస్తే కీర్తనల్లో ‘యెహోవాను స్తుతించుడి’ అని ఉంటుంది. ప్రకటన గ్రంథంలో ‘ప్రభువును స్తుతించుడి’ అని ఉంటుంది. ‘హోసన్నా’ అన్నచోట ‘జయము’ అన్నారు. ‘ఆమేన్’ను మాత్రం కదిలించలేదు. అంటే మనవాళ్ళు పరదేశపు శబ్దాన్ని మొక్కుబడిగా పలకడం కన్నా అర్థమయ్యే మాటను ఎంచుకొన్నారు. ఆ ఎంచుకొన్న మాటల్లో రెండు స్తుతి, స్తోత్రం. ‘స్తుతించు’ అన్న క్రియ హల్లెలూకు సరిపోయింది. ‘స్తోత్రము’ మరో పనికి వచ్చింది. పౌలు రాసిన పత్రికల్లో దేవునికి కృతజ్ఞత చెప్పేచోట తెలుగులో ‘దేవునికి స్తోత్రము’ అని పెట్టారు. అంటే తెలుగు క్రైస్తవుల నోట స్తోత్రానికి రెండు అర్థాలు కలిశాయి, పొగడ్త, కృతజ్ఞత.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ‘థాంక్స్’ అనడానికి మన పల్లె తెలుగులో మాట ఏది? ‘కృతజ్ఞతలు’, ‘ధన్యవాదాలు’ పత్రికల మాటలు, సభల మాటలు. మా అమ్మ జీవితంలో ఒక్కసారి కూడా ‘ధన్యవాదాలు’ అనలేదు. ‘నీ కడుపు చల్లగుండ’ అనేది, లేదా ఊరకుండేది. మాదిగపల్లెల్లో, మాలపల్లెల్లో మాత్రం ఆ ఖాళీ ఎప్పుడో పూడింది. కంచంలో అన్నం పడితే స్తోత్రం, వాన పడితే స్తోత్రం, ఎవరైనా సాయం చేస్తే స్తోత్రం. 1978లో ఆ ముసలమ్మ నాకు చెప్పింది ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆమె నాకు థాంక్స్ చెప్పింది. నేను రాసిన నోటుకు!

ఈ మాటను తెలుగు బైబిలులో ఎవరు పెట్టారు? ఒక్కరని చెప్పే పని కాదిది. 1719లో తరంగంబాడికి వచ్చి, ఆ తర్వాత చెన్నపట్నం చేరిన బెంజమిన్ షుల్ట్జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగు నేర్చి బైబిలు తర్జుమా చేశాడు. అది అచ్చు కాలేదు గాని, ఆయన తెలుగు పుస్తకాలు కొన్ని 1740లలో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చుపుస్తకాలకు అదే మొదలు. తరంగంబాడి తమిళ క్రైస్తవులకు ‘స్తోత్తిరం’ అన్నదే పలకరింపు మాట, తమిళనాట ఈనాటికీ అది వినబడుతుంది. తర్వాత విశాఖపట్నంలో లండన్ మిషన్‌కు చెందిన అగస్టస్ డి గ్రాంజెస్, క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయుడు కలిసి సువార్తలు తెలిగించారు. డి గ్రాంజెస్ 1810లో పోయాడు. మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1818 నాటికి క్రొత్త నిబంధన, 1854కు మొత్తం బైబిలు తెలుగులో వచ్చాయి. పేర్లు దొరల పేరిట ఉన్నా, పక్కన కూర్చొని ఈ మాట బాగుంది, ఈ మాట బాగాలేదు అని చెప్పింది పండితులు. వేదపు వాసన ఉన్న మాట బైబిలులోకి రావడంలో ఆశ్చర్యమేమీ లేదు. ఆ పండితులు అప్పుడు ఊహించి ఉండనిది ఒక్కటే, ఆ మాట రేపు ఎవరి నోట ఆడుతుందో.

ఆ నోళ్ళ కథ మన ప్రాంతపు కథే. అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అదే ఏడు ఒంగోలుకు పడమరనున్న తాళ్ళకొండపాడు నుంచి ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకొన్నాడు. పేరయ్య అంతకుముందు ఒక యోగగురువు శిష్యుడు. క్లౌ దొర భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో మాదిగల్లో అప్పటికే నడుస్తున్న గురుమార్గాల సంగతి రాసింది. ఉపదేశం పొందడం, ఒక్క దేవుణ్ణే కొలవడం, రాత్రిళ్ళు కూడి పాడుకోవడం ఆ జనానికి కొత్త కాదు. దొరలు వచ్చి మూగవాళ్ళకు మాటలు నేర్పారనుకొంటే పొరపాటు.

ఆ తర్వాత ధాత కరువు, 1876–78. కర్నూలు జిల్లా బాగా నలిగిపోయిన జిల్లాల్లో ఒకటి. మన మార్కాపురం, కంభం తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలోనివే అని కొత్తతరం వారికి గుర్తుచేయాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడే ఇవి అటు నుంచి ఇటు వచ్చాయి. కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకొని పల్లెల జనానికి కూలి చూపించాడు. మిషన్ బోధకులే మేస్త్రీలు. పగలు పార, తట్ట. పొద్దుగూకినాక కథలు, పాటలు. ఐతే కరువు ఉన్నన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదని. కరువు వెనక్కి తగ్గాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకొని నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

గుండ్లకమ్మ ఎక్కడ పుడుతుందో మనకు తెలుసు. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నిండి, మన మధ్యనుంచే పోయి ఒంగోలు దాటి సముద్రంలో కలుస్తుంది. ఆ ముసలమ్మ ‘మా జేజి గుండ్లకమ్మలో మునిగిన కాడ్నుంచి’ అన్నది సరిగ్గా వంద సంవత్సరాల తర్వాత. ఏ రేవులో మునిగినా నది అదే. కచేరిలో మేమంతా 1978 వేసవిని సర్టిఫికెట్ల వేసవిగా లెక్కపెట్టాం. ఆమెకు అది శతాబ్ది అని మాకెవరికీ తోచలేదు.

తర్వాత 1882లో కంభం, 1895లో మార్కాపురం బాప్టిస్టు మిషన్ కేంద్రాలయ్యాయి. గిద్దలూరు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడే వరకు అక్కడి చరిత్ర వేరేగా నడిచింది, అందులోకి ఇప్పుడు పోను. ఒకరు ముంచి బాప్తిస్మమిస్తారు, ఇంకొకరు చిలకరించి ఇస్తారు. పాస్టరుగారు, అయ్యగారు అని పిలుపుల్లో తేడా. ‘స్తోత్రం’ మాత్రం రెండు వైపులా ఒకటే.

పల్లె బడుల్లో పిల్లలు మన మార్కాపురం పలకల మీదనే అక్షరాలు దిద్దారు. స్తోత్రం రాయాలంటే రెండు ఒత్తులు తెలియాలి, స కింద త, త కింద ర. పలకడం కూడా కష్టమే. అందుకే అది ‘సోత్రం’ అయింది. మా వీధిలో దీన్ని వెక్కిరించేవారు. మా నాయన కూడా, దేవుడు క్షమించుగాక, ఒకటి రెండుసార్లు ఆ మాట అనుకరించి నవ్వడం నాకు గుర్తుంది. నోరు తిరగనివాళ్ళకు స్తోత్రమెందుకు అనేవారు. నిజానికి మాట మొదట్లో వచ్చే సంయుక్తాక్షరాన్ని విరగ్గొట్టి తేలిక చేసుకోవడం తెలుగు నోటి సహజగుణం. స్తంభానికి తద్భవం కంబం. స్థానానికి తానం. పొరుగున ఉన్న కంభం ఊరి పేరు రోజుకు పదిసార్లు పలుకుతూ, ‘సోత్రం’ అన్నవాళ్ళకు నోరు తిరగదని నవ్వుకొన్నాం మేము.

ఇక అసలు సంగతికి వస్తాను. స్తోత్రం పలకరింపు కావడంలో ఏముంది? మనం చిన్నప్పుడు చూసిన ఊళ్ళు గుర్తుచేసుకోండి. పల్లెవాడు ఊళ్ళోకి వస్తే చెప్పులు చేతబట్టుకొని, తలగుడ్డ తీసి, ‘దండం దొరా’, ‘దండం సామీ’ అనాలి. అవతలివాడు తిరిగి దండం అనడు. ‘ఊఁ’ అంటాడు, లేదా పనేమిటని అడుగుతాడు. దండం ఒకవైపే నడిచే మాట. ఎవరు చెప్పాలో, ఎవరు అందుకోవాలో పుట్టుకతోనే తేలిపోయి ఉంటుంది. స్తోత్రం అలా కాదు. స్తోత్రమన్నవాడికి తిరిగి స్తోత్రమే జవాబు. పాస్టరుగారైనా, చెప్పులు కుట్టే తాతయినా, నిన్న పెళ్ళయి వచ్చిన కోడలైనా ఇద్దరూ ఒకే మాట అంటారు. ఎందుకంటే ఆ మాట నిజానికి ఇద్దరిలో ఎవరికీ చెందదు, దేవుడికి చెందుతుంది. వంగనక్కరలేని పలకరింపు పల్లెకు దొరికింది ఆ విధంగా. ఒకప్పుడు యజ్ఞశాలలో ముగ్గురు పాడిన మాట, చెవిన పడితేనే శిక్ష అన్న జనం నోట ఇచ్చిపుచ్చుకొనే పలకరింపు అయింది. దీన్ని మతం మార్పిడి కథగా మాత్రమే చూసేవారితోనూ, మిషన్ విజయంగా మాత్రమే చెప్పేవారితోనూ నేను ఏకీభవించలేను. మాటను ఇచ్చింది పండితులు కావచ్చు, అచ్చువేసింది దొరలు కావచ్చు, దాన్ని పలకరింపుగా మలుచుకొన్నది మాత్రం పల్లె.

ఇటువంటి మాటే కచేరి వరండాలో వాళ్ళకు అడ్డం తిరిగింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాని వేరే మతం అవలంబించేవారిని షెడ్యూల్డు కులాల వారిగా ఎంచరాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి వారికి బి.సి. ‘సి’ గ్రూపు, ఒక్క శాతం. మద్రాసులో చెప్పులు కుట్టే సూసై అనే ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు, 1985లో కేసు కొట్టేశారు. వారికి ఎస్.సి. హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరుతూ 2023 మార్చి 24న మన శాసనసభ తీర్మానం చేసింది. చట్టం మంచిచెడ్డలు చర్చించడానికి ఈ పత్రిక వేదిక కాదు. గుమాస్తాగా నాకు తెలిసింది ఒకటే. ఊళ్ళో చావిడి దగ్గర వాళ్ళను నిలబెట్టేచోటు స్తోత్రం అన్నా మారలేదు, దండం అన్నా మారలేదు. మా ఫైలులో మాత్రం మారింది.

ఆ ఫైలు ఇప్పుడు ఉండదు. ఎల్.డిస్. కింద మూశాం. అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు, కొద్ది ఏళ్ళకే చింపేస్తారు. రిటైరయ్యేముందు ఒకసారి రికార్డు రూములో వెతికించాను కూడా. చెదలు తప్ప ఏమీ దొరకలేదు.

ఈమధ్య పల్లెల్లో స్తోత్రం తగ్గుతున్నది. కుర్రవాళ్ళు ‘ప్రైజ్ ద లార్డ్ అంకుల్’ అంటున్నారు. పెద్ద పెద్ద కూటాలు, క్యాసెట్లు, తర్వాత టి.వి. ఛానెళ్ళు, ఇప్పుడు సెల్‌ఫోన్లు తెచ్చిన మార్పు ఇది. తెలుగు బైబిలు తర్జుమా చేసి పక్కకు పెట్టిన హల్లెలూయ కూడా పాటల్లో తిరిగి వచ్చి కూర్చుంది. కాలాన్ని ఆపలేం. ఐతే ఇంగ్లీషు మాట అవతలివాణ్ణి స్తుతించమని చెబుతుంది. ‘స్తోత్రం’ అన్నప్పుడు అన్నవాడే స్తుతించేస్తాడు. నాకు పాత మాటే బాగుందనిపిస్తుంది. మా ఇంటి మాట కావడం వల్లనేమో.

ఈ వ్యాసం చిత్తుప్రతిని మా ఆఫీసులోనే అటెండరుగా చేసి రిటైరైన ఒక మిత్రునికి చదివి వినిపించాను. ఆయన గిద్దలూరు వైపు పల్లె మనిషి, మూడు తరాల క్రైస్తవుడు. ఒకటి రెండు తప్పులు దిద్దాడు. అప్పుడు నాకొక సందేహం వచ్చి అడిగాను. ‘ఇరవై రెండేళ్ళు ఒకే ఆఫీసులో ఉన్నాం. రోజూ పొద్దున నమస్కారం సార్ అనేవాడివి. ఒక్కనాడైనా నీ నోట స్తోత్రం వినలేదే?’

‘ఆఫీసులో అంటే మీరు నోటు రాస్తారని గదా సార్’ అన్నాడు.

ఈ వ్యాసానికి ఫెయిర్ కాపీ టైపు చేసిపెట్టింది ఆయన మనవడే.